ఖాళీ అన్న మాట

కుట్టుమిషను సొరుగులో నూనె సీసా లేదు!

దారపుకండెలు, బొత్తాల డబ్బా, కొలత టేపు, సుద్దముక్క... అన్నీ ఆమె పెట్టిన చోటే ఉన్నాయి. సీసా ఉండే మూలలో మాత్రం గుండ్రటి జిడ్డుమరక ఒకటి మిగిలింది. పక్కింటి టీచరమ్మ బట్టలు మధ్యాహ్నంలోగా కుట్టి ఇస్తానని మాటిచ్చింది. మిషను చూస్తే తొక్కినప్పుడల్లా కీచుమంటోంది.

“నా మిషను నూనె ఎవరు తీశారు?” అని గట్టిగానే అడిగింది.

“నేనే తీశాను. పొద్దున చెప్పాను కదా!” వరండాలోంచి భర్త జవాబిచ్చాడు.

“ఎప్పుడు చెప్పారు?”

“నువ్వు పాలు కాస్తున్నప్పుడు. పక్కనే నిలబడి చెప్పాను.”

“ఏ పక్కన?”

ఆ ప్రశ్న వేస్తే ఆయన ఎప్పుడూ మాట్లాడడు. మాట్లాడింది అత్తగారు, ముందుగదిలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూనే.

“అబ్బబ్బ! చుక్కెడు నూనెకు ఇంత రాద్ధాంతమా! ఎటు నిలబడి చెప్పాలో మీ పుట్టింటివాళ్ళు ముందే చెప్పి పంపి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావుగా! అప్పుడేమో నోరు కుట్టేసుకుని కూర్చున్నారు, ఇప్పుడు నా కొడుకేమో కుడివైపా ఎడమవైపా అని చూసుకుంటూ బతకాలి!”

“నానమ్మా, నువ్వు ఆ రాళ్ళ సంగతి చూడు. నిన్న నా పన్ను విరిగినంత పనైంది,” అంటూ కూతురు లోపలికొచ్చింది. చిన్నప్పుడు గొంతు పలచగా ఉండేదని తాత పెట్టిన ‘పిచ్చుక’ అన్న పేరే ఈనాటికీ ఇంట్లో నిలిచిపోయింది. “అమ్మా, నాన్న నీ నూనె ఒక్కటే కాదు, నీ ఇస్త్రీపెట్టె కూడా తీసుకున్నాడు. నీ పాత నూలు దుప్పటి చింపేశాడు. ఇంకా నయం, తుప్పు గీకడానికి నిన్ను కూడా తీసుకుపోలేదు!”

ఆమె వరండాలోకి వెళ్ళి చూసింది. చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

చాప మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది... తాతల నాటి జోడుగొట్టాల తుపాకీ! గొట్టాలొకచోట, వెనకచెక్క ఒకచోట. చెక్కకు పడిన నొక్కుల మీద తడిగుడ్డ వేసి, ఆమె ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టిస్తున్నాడు ఆయన. ఆవిరికి చెక్క ఉబ్బి నొక్కులు పైకి లేస్తాయట. ఆ చేతులు ఎంత మెత్తగా కదులుతున్నాయో! తన ఒంట్లో బాగాలేనప్పుడు నుదుటిమీద పెట్టే చెయ్యి కూడా అంత మెత్తగా ఉండదనుకుంది. నూనె వాసన, తుప్పు వాసన, కాలిన తడిగుడ్డ వాసన... ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“దీన్ని మళ్ళీ ఎందుకు బయటికి తీశారు?”

“అడవిపందుల కోసం, ఇంకెందుకు! పోయిన వారం తోటమాలి తొడ చీల్చేశాయి కదా. డబ్బాలు కొడితే భయపడే రోజులు పోయాయి.” ఆయన తలెత్తలేదు. “నా చూపు ఇక గురికి పనికిరాదు. తోట చూసుకునేది పిచ్చుకే కాబట్టి లైసెన్సు దాని పేరు మీదికి మార్పిస్తాను. బాగుచేయించి, కాల్చడం నేర్పిస్తాను.”

“పిచ్చుకకా...?”

ఆమె ఎడమచేతి వేళ్ళు తమంతట తామే ఎడమచెవి మీదికి వెళ్ళాయి. అది గమనించి ఆయన తల ఇంకాస్త వంచుకున్నాడు.

*

ఆ తుపాకీతో పాటు ఆ ఇంటికి ఒక మర్యాద కూడా వచ్చింది. తుపాకీ ఎవరు వాడితే వాళ్ళే తూటాలు తీసేసి, ‘ఖాళీ’ అని చెప్పి అవతలివాళ్ళ చేతికివ్వాలి. అందుకున్నవాళ్ళు దాన్ని తెరిచి చూడకూడదు! తెరిచి చూడటమంటే, అన్నం వడ్డించిన మనిషి ఎదుటే ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినట్టే. మామగారి తండ్రి నాటినుంచీ అంతే. ‘మా ఇంట్లో మాటే తాళం’ అని మామగారు నలుగురిలో గర్వంగా చెప్పుకునేవారు.

ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం మామగారు తోటనుంచి వచ్చారు. అత్తగారు ఆడపడుచు పురుడని ఊరెళ్ళి ఉన్నారు. ‘ఖాళీ. లోపల పెట్టెయ్’ అని మామగారు తుపాకీని కొడుకు చేతికిచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. ఆమె పడకగదిలో మిషను ముందు కూర్చుని దిండుగలీబులు కుడుతోంది. కొత్త పెళ్ళికొడుకు... ఏదో ఒక వంకతో గదిలోకి రావాలి కదా! తుపాకీతోనే వచ్చాడు. ‘చూడు, ఇది ఎలా పట్టుకోవాలో చూపిస్తాను’ అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూ, మిషను మీంచి కళ్ళు తిప్పకుండానే, ‘ముందు ఆ గొట్టం అటు తిప్పండి బాబూ’ అంది.

అంతే! గది పగిలిపోయింది! ఆమె పక్కనున్న గోడనుంచి సున్నం పెళ్ళలు రాలి, దిండుగలీబు తెల్లటి గుడ్డమీద పడ్డాయి. జుట్టు కమిలిన వాసన వచ్చింది. భర్త నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు... కానీ ఒక్క మాటా వినపడలేదు. కొన్నాళ్ళకు కుడిచెవి తిరిగొచ్చింది. ఎడమచెవితో ఆమె విన్న ఆఖరి చప్పుడు మాత్రం అదే.

కుడిగొట్టంలో తూటా తీసి, ఎడమగొట్టంలోది మరిచిపోయారు మామగారు. ఆ పెద్దమనిషి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డారు! “తల్లీ... నువ్వు నోరు విప్పావంటే నీ మొగుడు జైలుకు పోతాడు. నా మాటకు ఇక విలువుండదు. మీ అత్తకు కూడా చెప్పకు, దాని నోట్లో మాట నిలవదు... ఈ ముసలాడి కోసం...” అని ఏడ్చారు. ఇల్లంతటినీ చూపుతో నడిపే మనిషి అలా ఏడుస్తుంటే చూడలేక, కొత్తకోడలు తల ఊపింది. ఎంత చిన్న పని, తల ఊపడం!

మామగారే స్వయంగా సున్నం కలిపి గోడకు పూశారు. మచ్చ కనపడకుండా పెద్ద ఇనప బీరువా తెచ్చి అడ్డం పెట్టించారు. ఊరినుంచి వచ్చిన అత్తగారు మొదట ఆ బీరువాను చూశారు. “నాకెన్నడూ ఒక పెట్టె కూడా కొనని మనిషి, కోడలికి బీరువా కొన్నాడే!” అని మూతి ముడిచారు. తర్వాత, ఎడమవైపునుంచి పిలిస్తే కోడలు పలకడం లేదని గమనించారు. ఇంకేముంది! ‘చెవిటిపిల్లను దాచిపెట్టి మా నెత్తిన రుద్దారు’ అని ఇల్లెక్కి అరిచారు. ఆమె తండ్రి వచ్చి, ‘మా అమ్మాయికి ఏ లోపమూ లేదమ్మా’ అని చేతులు జోడిస్తే, ‘అబద్ధాలాడటానికి సిగ్గులేదా?’ అన్నారు. ఆమె తండ్రి కూతురి ముఖంలోకి చూశాడు, ఏదైనా చెబుతుందేమోనని. ఆమె నేల చూసింది... భర్త కిటికీలోంచి బయటికి చూశాడు... మామగారు పేపరులోకి చూశారు. అబద్ధాలకోరన్న పేరుతోనే ఆ తండ్రి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన లేడు. మామగారూ లేరు.

అయినా అదంతా ఒక ఎత్తు... బాబు సంగతి ఒక ఎత్తు.

పిచ్చుక కంటే ముందు బాబు పుట్టాడు. నెలలవాడు. వాడికి జ్వరమొస్తే రాత్రులన్నీ భుజాన వేసుకుని తిరిగి, ఒక మధ్యాహ్నం వాడు నిద్రపోయాడని ఆమె కూడా పక్కనే ఒరిగింది. కుడిచెంప దిండుకు ఆనింది... పనిచేసే ఒక్క చెవీ దిండులో కూరుకుపోయింది. ఆమె కళ్ళు తెరిచేసరికి బాబు ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది. ఫిట్సు వచ్చి, ఏడ్చి ఏడ్చి... ఏడ్చే ఉంటాడు! ఏడవకుండా ఎలా ఉంటాడు! అమ్మ జానెడు దూరంలో పడుకుని ఉంటే!

‘కన్నబిడ్డ ఏడుపు వినపడని తల్లి’ అని అత్తగారు శవం ముందే అన్నారు. ఆ తర్వాత మరెన్నిసార్లో అన్నారు. ఆనాటినుంచి ఆమె కుడివైపుకు తిరిగి పడుకోలేదు. ఎడమభుజం తిమ్మిరెక్కి చచ్చుబడిపోయినా సరే, కుడిచెవి పైకి ఉండేలానే పడుకుంటుంది. ‘అమ్మ ఒకేవైపు పడుకుంటుంది, దుంగలా కదలదు’ అని పిచ్చుక నవ్వుతుంది. దానికి ఏం తెలుసని!

*

తుపాకులు బాగుచేసే మేస్త్రి దుకాణానికి పిచ్చుక పట్టుబట్టి ఆమెను కూడా తీసుకెళ్ళింది. ఇరుకు వీధిలో తాళాల దుకాణానికీ సైకిలు షాపుకీ మధ్య, తలుపంత వెడల్పున్న దుకాణం. మేస్త్రి గొట్టాల జతను దారానికి వేలాడదీసి వేలితో తట్టాడు. గంటలా మోగింది. “అతుకు గట్టిగానే ఉంది,” అన్నాడు. వెలుతురుకు పెట్టి లోపల చూశాడు. “తుప్పు పైపైనే తిన్నది. తోమితే పోతుంది. కానీ పాత తుపాకీ కదా, ఇప్పటి పొడుగు తూటాలు పెట్టకండి. పొట్టి తూటాలే వాడాలి. పొడుగువి పెడితే గొట్టం చీలుతుంది, కళ్ళు పోతాయి.”

తర్వాత ఎడమవైపు మీట విప్పి చూసి నాలుక చప్పరించాడు. “ఇది బాగా అరిగిపోయిందండీ. కాస్త కుదిపితే చాలు, నొక్కకుండానే పేలిపోతుంది. ఇంతకాలం ఏ ప్రమాదమూ జరగలేదంటే మీ అదృష్టం!”

భర్త ముఖం తెల్లబోయింది. ఆయన మెల్లగా ఆమె వైపు తిరిగాడు. ఆ కళ్ళల్లో ఏదో మెరిసింది... ఆనందమా అది? ‘చూశావా, నేను నొక్కలేదు! నేను అప్పటినుంచీ అంటూనే ఉన్నాను కదా!’ అన్నట్టుగా చూశాడు. ఇన్నేళ్ళూ మోసిన మూట ఎవరో దించినట్టు భుజాలు కూడా కొంచెం లేచాయి.

ఆమె చూపు తిప్పుకుంది. ఆయన నొక్కకపోయి ఉండవచ్చు. అయితే మాత్రం? దానివల్ల ఏది తిరిగొస్తుంది?

మేస్త్రి మీట కొత్తది వేశాడు. వచ్చేటప్పుడు భర్త పిచ్చుక కోసం చెవిమూతలు కొన్నాడు. రెండు మెత్తటి దిమ్మలు, మధ్యలో పట్టీ. “కాల్చేటప్పుడు ఇవి పెట్టుకోవాలమ్మా. లేకపోతే చెవులు దెబ్బతింటాయి,” అని కూతురి తలకు తొడిగి, బిగువు సరిచూశాడు. రెండు చెవులనూ అంత జాగ్రత్తగా కప్పుతున్న ఆ చేతులను చూస్తూ ఆమె నడివీధిలో నిలబడిపోయింది. ఏడుపు గొంతుదాకా వచ్చింది. మింగేసింది. మింగడం ఆమెకు బాగా అలవాటైన పని.

*

తుపాకీ తయారైంది. అవిసెనూనె పట్టించిన చెక్క కొత్తబెల్లంలా నిగనిగలాడుతోంది. ఆదివారం పొద్దున భర్త ఒక్కడే తోట చివరకు వెళ్ళి, మట్టిదిబ్బ మీద రెండుసార్లు కాల్చి చూసి తిరిగొచ్చాడు. పెరట్లో పిచ్చుక చెవిమూతలు మెడలో వేసుకుని ఎదురుచూస్తోంది. అత్తగారు అరుగు మీద కూర్చుని, మామగారు పోయాక మళ్ళీ ఇన్నాళ్ళకు ఆ తుపాకీని వెలుతురులో చూసి కొంగుతో కళ్ళొత్తుకుంటున్నారు.

“అచ్చం మీ తాతలాగే నడిచొస్తున్నాడే మీ నాన్న!” అన్నారు.

“తాతకు ఇంత పొట్ట లేదుగా నానమ్మా!”

“నోర్ముయ్! రెండు చేతులతో అందుకో. ఇది మీ తాత ముట్టుకున్న వస్తువు.”

భర్త తుపాకీని కూతురి వైపు చాపాడు. చాపి, తండ్రి గొంతుతోనే అన్నాడు.

“ఖాళీ.”

పిచ్చుక అందుకుంది. మురిపెంగా భుజానికెత్తుకుంది. గొట్టం పెరడంతా తిరిగి... అరుగు వైపు తిరుగుతోంది... నానమ్మ వైపు!

“తెరిచి చూడు!”

ఆ అరుపు ఆమెదే! ఆ ఇంట్లో ఆమె గొంతు అంత ఎత్తుకు ఎన్నడూ లేవలేదు. చేతిలోని తడిబట్టల బుట్ట కిందపడింది. పరుగున వచ్చి గొట్టాన్ని నేలవైపు వంచేసింది. “తెరిచి చూడు! ముందు తెరిచి చూడు!”

“ఏంటమ్మా ఇది, నాన్న ఖాళీ అన్నాడుగా...”

“ఎవరన్నా సరే! తెరువు!”

అత్తగారు అరుగు మీంచి లేచారు. “సిగ్గుందా నీకు? మొగుడు ఖాళీ అని చెబితే, కూతురి ముందు వాణ్ణి అబద్ధాలకోరును చేస్తావా? ఈ ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ తుపాకీ తెరిచి చూడలేదు! మీ మామగారు ఉంటే ఈ మాటకు ఏమయ్యేవారో!”

పిచ్చుక ఇద్దరి ముఖాలూ చూసి, మేస్త్రి చూపించినట్టు పైమీట పక్కకు తోసింది. తుపాకీ నడుం విరిగినట్టు తెరుచుకుంది. రెండు గొట్టాల్లోంచీ పెరట్లోని ఎండ గుండ్రంగా కనపడింది.

ఖాళీ.

“చూశావా!” అత్తగారి గొంతులో గెలుపు మోగింది. “ఖాళీయే! అనవసరంగా పిల్లను బెదరగొట్టావు! చెవికి వినపడకపోతే పోనీ, నమ్మకం కూడా లేకపోతే ఎలాగే నీతో?”

ఆమె ఆ రెండు గుండ్రటి ఎండముక్కల్నీ చూస్తూనే, ఎవరితోనూ కాదన్నట్టు అంది.

“ఆ రోజు కూడా ఖాళీ అనే అన్నారు...”

“ఏ రోజు?” అంది పిచ్చుక.

ఆమె భర్త వైపు చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, తప్పించుకోవడానికి వీల్లేకుండా సూటిగా చూసింది. ఆయన పెదాలు కదిలాయి. చూపు మాత్రం పెరటి గోడ మీదికి జారిపోయింది... అచ్చం ఆనాడు కిటికీలోంచి బయటికి జారినట్టే.

ఆమె వంగి మట్టి అంటిన బట్టలు ఒక్కొక్కటే బుట్టలో వేసుకుని, మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళింది. పిచ్చుక వెనకే వచ్చింది. కుడివైపు వచ్చి నిలబడింది.

“అమ్మా, ఏ రోజు? నీ చెవి... పుట్టుకతోనే కదా? నానమ్మ అలాగే చెప్పింది...”

“పక్కకు జరుగు, బట్టల మీద నీడ పడుతోంది,” అంది ఆమె. నీడ పడితే బట్టలకు ఏమవుతుందో ఆమెకే తెలియదు. మాట ఇచ్చిన మనిషి చచ్చిపోయినా, ఇచ్చిన మాట చావదేమో!

అప్పుడే ఇంట్లోంచి చప్పుడు వచ్చింది. ఇనుము నేలమీద ఈడ్చుకుపోతున్న చప్పుడు... కీచుమని, గుండెను గీరినట్టు! ఆ చప్పుడు ఒక్కచెవితో విన్నా ఆమె చేతిలో బట్ట జారిపోయింది. ఆ పడకగదిలో ఈడ్చాల్సినంత బరువున్న వస్తువు ఒక్కటే ఉంది.

*

మధ్యాహ్నం భోజనాలకు నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఎవరి కుర్చీ వారిది. అత్తగారిది ఎప్పుడూ ఆమెకు ఎడమపక్క. అనాలనుకున్నవి అనేసుకోవడానికి ఆ కుర్చీయే వీలు. వినాల్సిన మనిషికి వినపడవు, మిగిలినవాళ్ళకు వినపడతాయి.

“బీరువా ఎందుకు జరిపావురా ఒక్కడివే? నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు?” అన్నారు అత్తగారు.

భర్త కంచంలో చెయ్యి పెట్టలేదు.

“అమ్మా, నువ్వు ఆ గోడ చూశావా?”

“చూశాను. ఏదో మాసిక వేసినట్టుంది. మీ నాన్న పనిలాగే ఉంది, ఆయన పూత ఎప్పుడూ వంకరే.”

“ఆ మాసిక కింద సీసపు గుళ్ళు ఉన్నాయమ్మా. నేను పేల్చినవి.”

అన్నం ముద్ద అత్తగారి చేతిలోనే ఆగిపోయింది.

ఆయన చెప్పాడు. ఆగి ఆగి... నీళ్ళు తాగి... మళ్ళీ చెప్పాడు. తండ్రి ‘ఖాళీ’ అనడం, తను గదిలోకి వెళ్ళడం, మిషను, తెల్లటి గుడ్డమీద సున్నం పెళ్ళలు. తండ్రి ఆమె కాళ్ళ దగ్గర కూలబడటం, ఆమె తల ఊపడం. ఆమె తండ్రి చేతులు జోడిస్తుంటే తను కిటికీలోంచి చూడటం... అదీ దాచలేదు. పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుంది. దాని కళ్ళు అమ్మ ఎడమచెవినే చూస్తున్నాయి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

“మీట అరిగిపోయిందని మేస్త్రి అన్నాడు,” అన్నాడాయన. “ఆ మాట విని నేను సంతోషించానమ్మా! వీధిలో నడుస్తూ సంతోషించాను! నేను నొక్కలేదు కదా, తుపాకీదే తప్పు కదా అని. తర్వాత ఇవ్వాళ పెరట్లో... నొక్కానా లేదా అన్నది కాదు. నేను తెరిచి చూడలేదు. నాన్నకు కోపం వస్తుందని తెరిచి చూడలేదు. ఇవ్వాళ పిచ్చుక కూడా నాకు కోపం వస్తుందనే తెరవలేదు. ఈ మనిషి అరవకపోయి ఉంటే, ఆ గొట్టం నీ వైపే తిరిగి ఉండేది.” ఆయన ఆమెవైపు చెయ్యి చూపించాడు. “ఇది పుట్టుచెవిటిది కాదు. వీళ్ళ నాన్న అబద్ధమాడలేదు. రేపే తుపాకీని స్టేషన్లో అప్పగించేస్తాను. ఇక అది ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు.”

కంచాల మీద ఈగలు వాలాయి.

“అప్పగించవద్దు,” అంది ఆమె.

అందరూ తలెత్తారు.

“పందులు రేపూ వస్తాయి, ఎల్లుండీ వస్తాయి. పిచ్చుకకు ఆ తోటే బతుకు. తుపాకీ పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంటాయి. రెండు తాళంచెవులూ నా నడుముకే ఉంటాయి. పిచ్చుక నేర్చుకుంటుంది. కానీ ఇవ్వాళ్టినుంచి ఈ ఇంట్లో ఇచ్చేవాళ్ళు తెరిచి చూపించి ఇవ్వాలి, తీసుకునేవాళ్ళు మళ్ళీ తెరిచి చూసుకోవాలి. మొగుడైనా, తండ్రైనా, చచ్చిపోయిన మామగారు లేచొచ్చి ‘ఖాళీ’ అన్నా సరే!” ఆమె భర్త వైపు తిరిగింది. “తుపాకీని ఇంట్లోంచి పంపేస్తే మీ మనసు తేలికవుతుందేమో. నాకు అక్కర్లేదు ఆ తేలిక. అది కళ్ళెదురుగానే ఉండనివ్వండి. ఆ బీరువా కూడా మళ్ళీ అడ్డం పెట్టకండి.”

భర్త తల ఊపాడు. ఒకప్పుడు ఆమె ఊపినట్టే.

అత్తగారి చేతిలోని ముద్ద ఎప్పుడో కంచంలోకి జారిపోయింది. ముసలిచేతులు బల్ల అంచును గీరుతున్నాయి.

“బాబు...” అన్నారు చివరికి. ఆ మాట ఎటువైపు అన్నారో చూసుకుని, ఆగి, ఆమె ముఖం తనవైపు తిరిగేదాకా ఎదురుచూశారు. పెదాలు చూసి అర్థం చేసుకుంటుందని ఇన్నేళ్ళుగా తెలిసి కూడా ఎన్నడూ చెయ్యని పని! “ఆ మధ్యాహ్నం... నేను పెరట్లో కడిగిన గింజలు ఎండబోస్తున్నాను. కిటికీ తెరిచే ఉంది. పక్కింటావిడతో కబుర్లు చెబుతున్నాను. నాకు రెండు చెవులూ ఉన్నాయి కదే... నాకూ వినపడలేదు!”

పిచ్చుక ఏడుస్తోంది. అత్తగారు ఏడవలేదు. ఏడుపు కంటే దారుణంగా ఉంది ఆ ముఖం.

“అది తలుచుకుంటే బతకలేకపోయాను. అందుకే నిన్ను అన్నాను. అన్నప్పుడల్లా కాస్త ఊపిరాడేది నాకు. ఇన్నాళ్ళూ నీ చెవి పట్టుకుని బతికానే...”

ఆమె ‘పోనీలెండి అత్తయ్యా’ అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ. మొదటిసారి దాన్ని బయటికి రానివ్వలేదు. బాబు తిరిగిరాడు. గుమ్మంలో చేతులు జోడించిన తండ్రి తిరిగిరాడు. వాళ్ళ తరఫున క్షమించే హక్కు తనకు ఎవరిచ్చారు? నీళ్ళగ్లాసు మాత్రం అత్తగారి వైపు జరిపింది.

అత్తగారు నీళ్ళు తాగలేదు. గ్లాసునూ కంచాన్నీ చేతుల్లోకి తీసుకుని లేచారు. అలిగి లోపలికి వెళ్ళిపోతారనుకున్నారు అంతా. ఆవిడ వెళ్ళలేదు. బల్ల చుట్టూ మెల్లగా నడిచి ఇటుపక్కకు వచ్చి, పిచ్చుక కుర్చీ దగ్గర ఆగారు.

“లే. నువ్వు అటుపోయి కూర్చో.”

పిచ్చుక లేచింది. అత్తగారు ఆ కుర్చీలో కూర్చుని, కంచం సర్దుకున్నారు. కోడలికి కుడిపక్కన.

“ఇకనుంచి నేను ఇటే కూర్చుంటాను,” అన్నారు అందరికీ. తర్వాత, చాలా చిన్నగా... ఎడమపక్కనుంచి అయితే ఎప్పటికీ వినపడనంత చిన్నగా అన్నారు.

“కాస్త అన్నం తిను.”

ఆమెకు వినపడింది.